విలియం రాక్సుబర్గు జీవితము: తెలుగుదేశపు ఫలముల విచారణ

ఇది మామిడిపండు, ఇది సీతాఫలము అని చిన్నబిడ్డయు గుర్తింపగలదు. కాని అసలు ఫలమనగా నేమి అని ప్రశ్నించినచో పెద్దలును కొంత తడవు ఆలోచింపవలసి యుండును. తియ్యగా నున్నది పండు, కూరకు పనికివచ్చునది కాయ, దంచి వండుకొనునది గింజ అని మనము వాడుకలో చెప్పుకొందుము. ఇది వంటింటి విభజన. వంటింటికి ఇది చాలును. వృక్షశాస్త్రజ్ఞుల విభజన వేరు. వారు ఫలముయొక్క రుచిని గాక దాని పుట్టుకను విచారింతురు. ఏ పువ్వునందు, ఏ భాగమునుండి, ఏ విధముగా అది పెరిగినదని కనుగొని, ఆ ననుసరించి దానికి జాతిని నిర్ణయింతురు. తెలుగుదేశపు చెట్లను, పూవులను, ఫలములను ఇట్టి దృష్టితో పరీక్షించి, వ్రాసి, పటములు వ్రాయించి లోకమునకు తెలిపినవారిలో విలియం రాక్సుబర్గు అగ్రగణ్యుడు. భారత వృక్షశాస్త్రమునకు పితయని శాస్త్రజ్ఞులు ఆయనను గౌరవింతురు. ఆయన చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

రాక్సుబర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశములోని ఎయిర్‌షైరు మండలమందు జన్మించెను. అదే సంవత్సరమున స్వీడను దేశస్థుడగు లిన్నేయసు పండితుడు వృక్షశాస్త్ర సూత్రములను వివరించు తన గొప్ప గ్రంథమును ప్రకటించుట విశేషము. ఎడింబరో విశ్వవిద్యాలయములో రాక్సుబర్గు వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున మందులలో పెక్కు చెట్టుచేమలనుండియే వచ్చుచుండుటచే వైద్యవిద్యార్థులు వృక్షశాస్త్రమునుగూడ చదువవలసి యుండెను. అచ్చటి ఆచార్యుడగు జాన్ హోపు లిన్నేయసు పద్ధతిని ఇష్టముతో బోధించువాడు. ఆ గురువు నాటిన విత్తనము ఈ శిష్యుని హృదయములో చక్కగా మొలకెత్తెను.

ఓడలలో వైద్యసహాయకుడుగా కొంతకాలము పనిచేసిన పిమ్మట, 1776లో ఆయన ఈస్టిండియా కంపెనీవారి చెన్నపట్టణపు కొలువులో అసిస్టెంటు సర్జనుగా చేరెను. అచ్చట రోగులను చూచుటతో తృప్తిపడక, ప్రతిదినమును ఎండవేడిమిని, గాలి యొత్తిడిని, వానను కొలిచి పుస్తకములో వ్రాసికొనుచుండెను. ఆ దినచర్య 1778లో లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికయందు అచ్చుపడెను. కంటితో చూచిన దానిని ఆ దినమే వ్రాసికొను నలవాటు ఆయనకు ఆనాడే కుదిరినది. ఈ యలవాటే తరువాతి ఘనకార్యములన్నింటికిని పునాది యయ్యెను.

1781లో ఆయన సామర్లకోటకు మార్చబడెను. సామర్లకోట కాకినాడకు సమీపమున, గోదావరి డెల్టా నానుకొనియున్న పట్టణము. అప్పుడచ్చట కంపెనీవారి సైనికులు విడిసియుండిరి. ఆ దినములలో ఆ సీమ కంపెనీ పాలనలోను, మన హుజూరాబాదు సీమ నిజాము పాలనలోను ఉండెను. పాలనలు వేరైనను చెట్లకు పొలిమేరలు లేవు. మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో పెరుగు ఇప్ప, మోదుగు, తునికి, టేకు, మద్ది, తాని అను వృక్షములే గోదావరి వెంట తూర్పుకొండలవరకును వ్యాపించియున్నవి. కాబట్టి సామర్లకోటలో ఆయన వ్రాసిన సంగతులు మన యడవులకును వర్తించును.

ఆయనకంటె ముందు ఈ తీరమున చెట్లను పరిశోధించినవా డొకడు కలడు. యోహాను కోయెనిగు అను వైద్యుడు లిన్నేయసునకు సాక్షాచ్ఛిష్యుడు. ఆయన 1768లో తరంగంబాడియందలి మిషనుకు వైద్యుడుగా వచ్చి, పిదప కంపెనీవారి కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడాయెను. 1785లో కాకినాడ వద్దనున్న జగన్నాథపురమున ఆయన జబ్బుపడి మరణించెను. ఆ తుదిజబ్బులో ఆయనకు వైద్యము చేసినవాడు రాక్సుబర్గే. కోయెనిగు తరువాత, సర్పములనుగూర్చి గ్రంథము వ్రాసిన పాట్రిక్ రస్సెలు కంపెనీవారి వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండెను. 1789లో ఆ పదవి రాక్సుబర్గునకు లభించెను. ఒకరు విడిచిన పనిని మరియొకరు చేపట్టుటవలననే విద్య వృద్ధిచెందునని ఈ వరుస మనకు తెలుపుచున్నది.

రాక్సుబర్గు పరిశోధించు విధము గమనింపదగినది. ఎండిన కొమ్మను కాగితమునకు అతికించి పెట్టుట మాత్రమే ఆయనకు చాలలేదు. చెట్టు చిగిర్చినప్పుడు, పూచినప్పుడు, కాచినప్పుడు, పండినప్పుడు దానిని చూడవలెననియే ఆయన పట్టుదల. ఈ దేశపు చిత్రకారులను కొలువులో నుంచుకొని, సజీవముగా నున్న మొక్కను ఎదుట నుంచి, ఆకును, పువ్వును, పువ్వులోని భాగములను, కోసిన కాయను, గింజను వేరువేరుగా వ్రాయించుచుండెను. ప్రతి మొక్కకును తెలుగువారు పెట్టిన పేరేమో విచారించి దానినిగూడ వ్రాసికొనెను. ఆ పేరులు కొన్ని శాస్త్రనామములుగా నిలిచిపోయినవి. సోమిద చెట్టుయొక్క నేటి శాస్త్రనామమగు సోయ్‌మిడా అనునది తెలుగుమాటయే. ఆ చెట్టు బెరడు చలిజ్వరమునకు పనిచేయునేమో యని ఆయన పరీక్షలు జరిపించెను.

ఆయన చేసిన పనియొక్క విలువ తెలియవలెనన్న ఫలముల విభజననుగూర్చి కొంత తెలియవలెను. పువ్వు నడుమ అండాశయమను చిన్నబుడ్డి యుండును. దానిలో అండములు కలవు. పుప్పొడి సోకి ఫలదీకరణము జరిగిన పిమ్మట రేకులు రాలిపోవును, అండాశయము పెరిగి ఫలమగును, అండములు విత్తనములగును. కావున వృక్షశాస్త్రమున ఫలమనగా ముదిరిన అండాశయము. ఈ లెక్కప్రకారము వంకాయయు, బెండకాయయు, మిరపకాయయు, కందికాయయు ఫలములే. అంతేకాదు, వరిగింజయు జొన్నగింజయు ఒక్కొక్కటి ఒక్కొక్క ఫలమే. వానియందు ఫలముయొక్క తోలు విత్తనపు తోలుతో విడదీయరాకుండ అతుకుకొని పోయినందున మనకవి విత్తనములుగా తోచును.

ఫలములను మొదట మూడు తెగలుగా విభజింతురు. ఒక పువ్వులోని ఒక అండాశయమునుండి ఒకే ఫలము కలిగినచో అది సరళఫలము. మామిడి, జామ, టమాట ఇట్టివి. ఒకే పువ్వులో విడివిడిగా నున్న పెక్కు అండకోశములు పెరిగి ఒకటిగా కూడినచో అది సంకలితఫలము. మన గుట్టలమీద విరివిగా కాయు సీతాఫలము దీనికి మంచి దృష్టాంతము. దానిపై కనబడు ఒక్కొక్క కన్నును ఒక్కొక్క అండకోశపు గుర్తు. లోపలి ఒక్కొక్క తొనయు ఒక్కొక్క చిన్నఫలము. ఒక్క పువ్వునుండి గాక పూగుత్తి అంతయు కలిసి ఒకే ఫలమైనచో అది సంయుక్తఫలము. పనసయు, అనాసయు, మేడియు ఈ తెగలోనివి. పనసకాయ యొక్కటిగా కనబడినను అది వందలకొలది పూవుల కూడలి.

సరళఫలములలో కండగలవి కొన్ని, ఎండునవి కొన్ని. కండగలవానిలో టెంకగల ఫలమనియు, మృదుఫలమనియు రెండు ముఖ్యభేదములు కలవు. మామిడిని కోసిచూడుడు. పైతోలు, నడిమి కండ, లోపలి టెంక, ఈ మూడును అండాశయపు గోడయొక్క మూడు పొరలు. విత్తనము ఆ టెంకలో దాగియున్న జీడి మాత్రమే. రేగు, మొర్రి, తాడి, కొబ్బరి ఈ జాతివే. మొర్రిపండు టెంకను పగులగొట్టి తీయు సారపప్పే దాని విత్తనము. ఇక ఈతపండును చూడుడు. దానిలోను గట్టిగింజ కలదు గనుక అదియు మామిడివంటిదే అనిపించును. కాని ఈతయందు ఆ గట్టిది టెంక కాదు, విత్తనమే. దానిచుట్టునున్న పలుచని పొర మాత్రమే ఫలముయొక్క లోపలి గోడ. కావున నేటి శాస్త్రజ్ఞులు ఈతను మృదుఫలమందురు. చూపునకు ఒకటిగా నున్న రెండు గింజలు పుట్టుకచే వేరగుట ఇట్లు తెలియుచున్నది.

తునికిపండు, ఇప్పపండు, నేరేడుపండు, జామపండు, వంకాయ, టమాట ఇవన్నియు మృదుఫలములే. నిమ్మ, నారింజలు తొనలుగల మృదుఫలములు. దోస, గుమ్మడి, బీరకాయలు గట్టితోలు గలవి. మారేడు, వెలగలు చిప్పగలవి. వీనికి శాస్త్రజ్ఞులు ప్రత్యేక నామములు పెట్టిరి. నల్లజీడి విషయము మరింత వింతగా నుండును. దానియందు పండువలె పచ్చగా నుబ్బి తినుటకు వీలగునది ఫలమే కాదు. పూవును మోసిన కాడయొక్క కొనభాగము. దానిక్రింద వ్రేలాడు నల్లనిగింజవంటిదే నిజమైన ఫలము. చాకలివారు బట్టలపై గుర్తు వేయుటకు వాడిన రసము దీనినుండియే వచ్చును. ఆ రసము తగిలినచో ఒడలు పొక్కును గనుక పిల్లలు దానిని ముట్టరాదు. జీడిమామిడియు ఇట్టిదే. వీనిని అనృతఫలములందురు.

ఎండు ఫలములలో కొన్ని తమంతట తామే పగిలి విత్తనములను వెదజల్లును, కొన్ని పగులవు. కందికాయ, పెసరకాయ రెండు అంచులవెంటను పగులును. జిల్లేడుకాయ ఒక్క అంచున మాత్రమే విచ్చుకొని దూదివంటి విత్తనములను గాలికి విడుచును. ప్రత్తి, నువ్వు, బెండ అనువానివి పెక్కు గదులుగల గుళికలు. పగులనివానిలో వరి, జొన్న, మక్కలను ముందే చెప్పితిమి. మోదుగుకాయ పలుచని రేకువలె నుండి, కొనయందు ఒకే విత్తనమును దాల్చి, గాలికి ఎగిరిపోవును. పెద్దేగి చెట్టు కాయకు చుట్టును గుండ్రని రెక్క కలదు. ధనియము రెండుగాను, ఆముదపుకాయ మూడుగాను విడిపోవును, ఇవి భిదురఫలములు. ఫలముయొక్క రూపమంతయు విత్తనమును తల్లిచెట్టునుండి దూరముగా చేర్చుటకు ఏర్పడిన ఉపాయము. తియ్యని పండు పక్షిని, జంతువును పిలుచును. రెక్కలున్నది గాలిని నమ్ముకొనును. పగులునది తన బలముననే విసరును.

రాక్సుబర్గు కాలమున ఈ విద్య ఇంకను బాల్యదశలో నుండెను. లిన్నేయసు చెట్లను ముఖ్యముగా పువ్వులోని కేసరముల సంఖ్యనుబట్టి తరగతులుగా విభజించెను. ఫలములనే ప్రధానముగ నెంచి పరిశోధించినవాడు జర్మను దేశస్థుడగు జోసెఫ్ గేర్ట్నరు. ఆయన వెయ్యికి మించిన వృక్షజాతుల ఫలములను, విత్తనములను కోసి, భూతద్దముతో పరీక్షించి, 1788లోను 1791లోను రెండు సంపుటములు ప్రకటించెను. ఆ శ్రమచే ఆయన చూపు మిక్కిలి దెబ్బతినెను. గేర్ట్నరు భారతదేశమునకు ఎన్నడును రాలేదు. దూరదేశములనుండి చేరిన ఫలములనే ఆయన పరీక్షించెను.

మన తానికాయకు ఈ ఇద్దరి పేరులును ముడిపడియున్నవి. కరక, ఉసిరికలతో చేర్చి త్రిఫలచూర్ణమున వాడు ఈ కాయను గేర్ట్నరు వర్ణించి ఒక నామము పెట్టెను. రాక్సుబర్గు ఆ చెట్టును సజీవముగా చూచినవాడు. దాని పువ్వును, ఆకును, కాయను కలిపి పరిశీలించి, అది కరకకు దాయాది యని గ్రహించి, దాని జాతియగు టెర్మినేలియాలో ఈ చెట్టును చేర్చెను. నేటికిని శాస్త్రగ్రంథములలో తానిచెట్టు నామము చివర గేర్ట్నరు పేరును, రాక్సుబర్గు పేరును జంటగా వ్రాయుదురు. దూరమున కూర్చుండి ఫలమును కోసినవానికిని, చెట్టునీడను నిలిచి చూచినవానికిని ఇందులో సమాన గౌరవము దక్కినది. ఈతచెట్టు నేటి శాస్త్రనామమును ఏర్పరచినవాడును రాక్సుబర్గే.

ఇంతటి కృషి విఘ్నములు లేక సాగలేదు. గోదావరి ముఖద్వారమునకు ఉప్పెనల భయము ఎల్లప్పుడును గలదు. 1787 మే నెలలో వచ్చిన గాలివాన సముద్రమును నేలపైకి తెచ్చి కోరంగి రేవును ముంచివేసి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. ఆ తీరమందలి ఇంజరము గ్రామమున సంభవించిన ఉప్పెనలో రాక్సుబర్గు అంతకుముందు కూర్చుకొన్న ఎండుమొక్కలు, పుస్తకములు, వ్రాతప్రతులు అన్నియు నీటిపాలయ్యెను. ఏండ్ల శ్రమ యొక్క దినమున నశించినప్పుడు చాలమంది పనిని విడిచిపెట్టుదురు. ఆయన విడువలేదు. మరల అడవికి పోయెను, మరల అడిగెను, మరల వ్రాసెను. ఇప్పుడు లోకమున మిగిలియున్న ఆయన కృషి చాలవరకు ఈ రెండవ ప్రయత్నముయొక్క ఫలమే.

అంతకంటె ఘోరమైన దృశ్యమును ఆయన చూడవలసివచ్చెను. 1789 మొదలు 1792 వరకు వానలు తప్పి ఉత్తర సర్కారులలో గొప్ప కరవు పుట్టెను. హైదరాబాదు రాజ్యమును దక్కను దేశమునుగూడ ఆ కరవు పట్టి పీడించెను. పాతిపెట్టువారు లేక ఎముకలు బయళ్లలో పడియుండెనని చరిత్రకారులు వ్రాసిరి. వానను దినదినమును కొలిచిన రాక్సుబర్గు ఈ కరవునకు కారణములను, ఇట్టిది పూర్వమెప్పుడు వచ్చినదను సంగతిని విచారించెను. పిఠాపురపు రాజకుటుంబమువారి పాతవ్రాతలలో సుమారు నూరేండ్లకు ముందు వచ్చిన కరవు సంగతి ఆయనకు దొరకెను. కరవులు అకస్మాత్తుగా వచ్చునవి గావు, ఏండ్లకొలది యెడముతో మరల మరల వచ్చునవియే యని ఆయనకు దీనివలన తోచెను.

ఆయన చూపిన మార్గము ఫలవృక్షములను నాటుట. 1793లో కంపెనీవారికి వ్రాసిన లేఖయందు కొబ్బరి, తాడి, ఖర్జూరము, పనస, అరటి, సగ్గుబియ్యపు చెట్టు మొదలగువానిని ఈ జిల్లాలలో విరివిగా పెంచవలెనని ఆయన సూచించెను. దీనిలోని యుక్తిని గ్రహింపుడు. వరియు జొన్నయు ఒక్క ఏటి పైరులు. ఆ యేటి వాన తప్పినచో వాని ఫలమును తప్పును. చెట్టు అట్టిది కాదు. దాని వేళ్లు లోతుకు పోవును. ఒక యేటి వాన తప్పినను అది బ్రతికి కాయగలదు. గింజయు ఫలమే, పండును ఫలమే. కాని ఒకటి ఈ యేటి వాననే నమ్ముకొన్నది, మరియొకటి గడచిన యేండ్ల నీటినిగూడ త్రాగి నిలిచినది. మన ఆదిలాబాదు అడవులలో నివసించు గోండులు మొదలగువారు వేసవిలో ఇప్పపూవులను, తునికి, మొర్రిపండ్లను ఆహారముగ వాడుకొనుట ఈ సత్యమునకు నిదర్శనము. పుస్తకము చదువకయే వారెరిగిన దానిని రాక్సుబర్గు పుస్తకమునకు ఎక్కించెను.

ఆయన కంపెనీ కొలువులోనివాడను సంగతిని మరువరాదు. మిరియాలు, నీలిమందు, చెరకు అనువానివలన కంపెనీకి లాభము చేకూర్చుటయు ఆయన విధులలో నొకటి. సామర్లకోటయందు మిరియపుతోట వేయించుటయు అందుకొరకే. ఆయన సూచించిన చెట్లు నాటబడినంతమాత్రమున తరువాతి కరవులు ఆగలేదు. అయినను ఆకలిగొన్నవారినిగూర్చి ఆలోచించి, తన విద్యలో వారికి పనికివచ్చున దేమున్నదని వెదకినవాడని ఆయనకు కీర్తి నొసగుట న్యాయము.

1793లోనే ఆయన కలకత్తాకు సమీపమున శిబ్‌పూరునందున్న కంపెనీ వృక్షోద్యానమునకు సూపరింటెండెంటుగా నియమింపబడెను. ఆ తోటను 1787లో రాబర్టు కిడ్డు స్థాపించెను. 2009 మొదలు అది ఆచార్య జగదీశ చంద్ర బోసు పేర పరగుచున్నది. రాక్సుబర్గు అచ్చట ఇరువది యేండ్లు పనిచేసి ఆ తోటను ప్రపంచప్రసిద్ధముగ చేసెను. సామర్లకోటలో సిద్ధపరచిన పటములనుండి, వర్ణనలనుండి ఏరి, లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున కోరమండలు తీరపు మొక్కలు అను మహాగ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడెను. దానిలో మూడువందల రంగుపటములు కలవు. మన టేకు, ఇప్ప, మోదుగు, తునికి, సోమిద మొదటి సంపుటమందే చోటుచేసికొన్నవి.

కలకత్తాలో ఆయనకు లభించిన స్నేహితులలో విలియం కేరీ ముఖ్యుడు. కేరీ 1793లో బంగాళదేశమునకు వచ్చి, 1800 మొదలు శ్రీరాంపురమున మిషను పనిని సాగించిన దైవసేవకుడు, బహుభాషాపండితుడు, మొక్కలపై అమితమైన ప్రీతిగలవాడు. ఇరువురును విత్తనములను, మొక్కలను ఇచ్చిపుచ్చుకొనుచుండిరి. మన యడవులలోను పెరుగు కుంభి వృక్షపు జాతికి రాక్సుబర్గు తన మిత్రుని పేర కేరియా అను నామ ముంచెను. దాని ఫలము పచ్చని మృదుఫలము. పుష్పకోశము కిరీటమువలె దాని తలపై నిలిచియుండును.

ఆరోగ్యము చెడినందున 1813లో రాక్సుబర్గు భారతదేశమును విడిచెను. ఓడ త్రోవలో సెయింటు హెలీనా ద్వీపమున కొంతకాలము నిలిచి, అచ్చటి మొక్కలనుగూడ పరిశీలించి పట్టిక వ్రాసెను. 1815లో ఎడింబరోనగరమున ఆయన మరణించెను. ఆయన జీవితకాలపు పరిశోధనలలో అధికభాగము అప్పటికింకను అచ్చుకాని వ్రాతప్రతులుగానే యుండెను. ఆ ప్రతులు పెట్టెలలో చెదలుపట్టక లోకమునకు దక్కుటకు కేరీ స్నేహమే కారణము. కలకత్తా తోటయందలి సుమారు 3,500 జాతుల మొక్కల పట్టికను ఆయన 1814లో శ్రీరాంపురపు మిషను అచ్చుకూటమున ముద్రించెను. అదే సంవత్సరమున కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణమును అచ్చటనే అచ్చయ్యెను. పిదప రాక్సుబర్గు ప్రధానగ్రంథమగు ఫ్లోరా ఇండికాను, నథానియేలు వాలిక్కు చేర్పులతో, 1820లోను 1824లోను రెండు సంపుటములుగా ప్రకటించెను. 1832లో రాక్సుబర్గు వ్రాతప్రతి ననుసరించి మూడు సంపుటములుగా దానిని తిరిగి ముద్రించెను. అప్పటికి కేరీ వయస్సు డెబ్బదికి మించెను. చనిపోయిన మిత్రుని పనిని తన పనిగా నెంచి పూర్తిచేయుట మైత్రికి గొప్ప గురుతు.

రాక్సుబర్గు వ్రాయించిన పటములు రెండువేల ఐదువందలకు పైగా కలవు. ఒక ప్రతి కలకత్తాయందును, మరియొక ప్రతి ఇంగ్లండులోని క్యూ ఉద్యానమునందును నేటికిని భద్రముగ నున్నవి. వానిని వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులు. కోరమండలు గ్రంథమునందు వారి పేరులు అచ్చుపడలేదు. చెట్టును చూపి పేరు చెప్పిన కాపుల, అడవివారి, వైద్యుల పేరులును మనకు చేరలేదు. అయినను మోదుగు, సోమిద అను మాటలు ఆ గ్రంథములలో నిలిచియున్నంతకాలము వారి జ్ఞానమును నిలిచియుండును. ఒక్క మనుష్యుని పేర వెలసిన మహాగ్రంథముల వెనుక పేరులేని చేతులు పెక్కు గలవని గ్రహించుట విద్యావంతుల ధర్మము.

విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి మీరు నేర్వవలసినది పెద్దపేరులు, తేదీలు మాత్రమే కాదు. ఫలముయొక్క జాతిని నాలుక చెప్పలేదు. దానిని కోసి, అది ఏ పువ్వునుండి ఎట్లు వచ్చినదో చూచినవాడే చెప్పగలడు. ఫలజాతి తెలిసినంతమాత్రమున అది తినదగినదో కాదో తెలియదను సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. వంకాయ కుటుంబమునకు చెందిన ఉమ్మెత్తయే విషము. కావున తెలియని కాయను నోట పెట్టక, మొదట పెద్దలను అడుగుడు. మన పల్లెలలోని అవ్వలకు, తాతలకు, పసులకాపరులకు తెలిసిన చెట్ల పేరులు పెక్కు ఇంకను ఏ పుస్తకమునను చేరలేదు. వారితోపాటు అవి మరుగుపడకమునుపే అడిగి తెలిసికొనుడు. ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, ఒక చిన్నకత్తి యున్నచో చాలును. ఒక చెట్టును ఎంచుకొని అది పూచిన దినమునుండి పండు రాలిన దినమువరకు చూచి వ్రాయుడు. సామర్లకోటలో ఆ వైద్యుడు చేసినది అంతియే. ఉప్పెన దానిని కొట్టుకొనిపోయినప్పుడు మరల మొదటి పుటనుండి వ్రాయుటయే ఆయన గొప్పతనము.